జువాలజీ బీరువాలో అల్పజీవి

మే నెలలో రాయికోడ్‌లో చదవదగ్గ పుస్తకానికి కొన్ని అర్హతలుండాలి. అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది బరువు. అన్నం తిని, వేపచెట్టు కింద మంచం వాల్చి, వెల్లకిలా పడుకుని చదివేవాడికి ఐదో పేజీకల్లా రెప్పలు వాలతాయి. ఆ పూట చేతిలో ఉన్నది ‘వేయిపడగలు’ అయితే ముక్కు పచ్చడే. విశ్వనాథవారు అంత నవలనూ 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు. మా బడికి ఏప్రిల్ ఆఖరున సెలవులిచ్చి జూన్ రెండో వారంలో తెరుస్తారు. అన్ని రోజులు చేతిలో ఉన్నా ఏ ఎండాకాలమూ నేను దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి చేర్చలేకపోయాను. ఆయన రాసినంత వేగంగా చదవడమైనా చేతగానివాడు ఆయన మీద వ్యాఖ్యానాలు చేయకూడదని ఊరుకున్నాను.

పుస్తకం సన్నగా ఉంటే సరిపోదు, నిద్రతో కుస్తీ పట్టాలి. గెలవకున్నా ఓ పావుగంట నిలబడాలి. కరెంటు పోయినప్పుడు విసురుకోవడానికీ పనికిరావాలి. ఈ ఆఖరి పరీక్షలో మాత్రం పాత ‘చందమామ’ సంచికను కొట్టింది ఇంకా పుట్టలేదు.

రాయికోడ్‌లో పుస్తకాలు దొరకవని కాదు. పదో తరగతి ఆల్ ఇన్ వన్ దొరుకుతుంది, గ్రూప్-4 బిట్ బ్యాంక్ దొరుకుతుంది, ఉగాది ముందు పంచాంగం దొరుకుతుంది. వీటిలో కల్పన పాలు ఎక్కువున్నది పంచాంగమే గానీ, రాశికి నాలుగు లైన్లు దాటి కథ ముందుకు పోదు. ఇక సర్కారు గ్రంథాలయాల మీద నాకు హక్కు ఉండనే ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం పుణ్యమా అని ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నాను కాబట్టి, చదివినా చదవకున్నా చట్టం దృష్టిలో నేను పాఠకుణ్ణే. కానీ గ్రంథాలయంలో పొద్దున పూట పేపర్ల బల్ల దగ్గర చోటు కావాలంటే బస్సు సీటు మీద వేసినట్టు కిటికీలోంచి దస్తీ వేయాలి. అక్కడ కూర్చున్న పెద్దమనుషులు జిల్లా ఎడిషన్‌లో టెండరు నోటీసులు కూడా వదలకుండా చదువుతారు.

అందుకే నా చూపు మా మేనకోడలి మీద పడింది. ఆ పిల్ల జహీరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చదువుతోంది. కాలేజీ పేరు చెప్పను. చెబితే రేపు ఆమెకు నో డ్యూస్ సర్టిఫికెట్ ఇవ్వరు. ఫీజు కట్టిన రోజు చేతిలో పెట్టిన లైబ్రరీ కార్డు ఆమె దగ్గర ఇంకా పెళ్లినాటి పట్టుచీర మడతతో ఉంది.

“కార్డు ఇస్త మామా. కానీ పుస్తకం పోయిందనుకో, నా మెమో ఆపుతరు.”

“పోదు బిడ్డా.”

“అయినా నీకు పుస్తకం చదువనీకా, పండనీకా?”

రెండింటికీ అని నిజం చెప్పాను.

కాలేజీ లైబ్రరీ అనేది మా దిక్కు నిన్నమొన్న పుట్టింది కాదు. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ బీదర్‌లో బహమనీల వజీరు మహమూద్ గవాన్ 1472లో మదర్సా కట్టించాడు. మూడంతస్తులు, గోడలకు రంగురంగుల పెంకులు, పిల్లలు ఉండడానికి గదులు, మూడు వేల పుస్తకాలతో లైబ్రరీ ఉండేదని చెబుతారు. వేసవిలో ఆ పిల్లలు సరదాగా ఏం చదివేవారో చరిత్రకారులెవరూ రాయలేదు. యుద్ధాలూ దానపత్రాలూ దొరికితే చాలు వాళ్లకు. గవాన్ మాత్రం ఉత్తరాలు ఎట్లా రాయాలన్న విద్య మీద పుస్తకం రాసిన మనిషి. ఆయన లేఖల సంపుటం కూడా ఉంది. అంతటి వాణ్ణి 1481లో ఒక దొంగ ఉత్తరం పుట్టించి సుల్తానుతో చంపించారు. తర్వాత 1696లో మందుగుండు పేలి ఆ మదర్సాలో పెద్ద భాగమే కూలిపోయింది. చదువుకునే చోట మందుగుండు దాచాలన్న తెలివి ఎవరిదో గానీ, ఇప్పటి కాలేజీలు ఎంతో నయం. లైబ్రరీలో మహా అయితే పాత జవాబు పత్రాల మూటలూ కాళ్లు విరిగిన బెంచీలూ దాస్తున్నాయి.

ఇప్పటి కాలేజీ లైబ్రరీకి ఓ కాలచక్రం ఉంది. కొత్త పిల్లలు చేరే రోజుల్లో కార్డులు తయారు కాలేదని పుస్తకాలివ్వరు. కార్డులు తయారయ్యేసరికి సెమిస్టరు పరీక్షలొస్తాయి, అప్పుడు పిల్లలకు గైడ్లు తప్ప వేరే పుస్తకం కళ్లకానదు. పరీక్షలైపోయి, మనిషన్నవాడికి కాస్త ఊపిరాడే ఏప్రిల్, మే నెలల్లో స్టాక్ వెరిఫికేషన్ మొదలవుతుంది. బీరువాలో ఒక్కో పుస్తకం తీసి, దుమ్ము దులిపి, యాక్సెషన్ రిజిస్టరులో నంబరుతో సరిచూసి, ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాలి. టిక్కు పడేదాకా పుస్తకం గడప దాటకూడదు. ఆడిట్ దృష్టిలో ఉత్తమ గ్రంథమంటే వెతికినప్పుడు పెట్టినచోటే ఉన్న గ్రంథం. దాన్ని ఇరవై ఏండ్లుగా ఎవరూ ముట్టకపోతే అది సర్వోత్తమ గ్రంథం.

ఈ గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో ఆయన రాసిన ఐదు సూత్రాల్లో మొట్టమొదటిది పుస్తకం ఉన్నది వాడుకోవడానికేనని చెబుతుంది. ఆయన అసలు లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరి, వారం తిరక్కముందే అక్కడి ఒంటరితనం భరించలేక, నా పాత ఉద్యోగం నాకిచ్చేయండని అడిగాడట. పైవాళ్లు బుజ్జగించి లండన్ పంపితే మనసు మార్చుకుని వచ్చాడు. లైబ్రరీలో కూర్చుంటే విసుగు పుట్టడం ఆ శాస్త్రపు పితామహుడికే తప్పలేదు కాబట్టి మా మేనకోడల్ని ఏమీ అనలేను. ఆమెను ఎవరూ లండన్ పంపలేదు కూడా.

మేం వెళ్లేసరికి లైబ్రేరియన్ మేడం టిక్కుల్లో ఉన్నారు. ఫ్యాను గిర్రున తిరుగుతుంటే రిజిస్టరు పేజీలు ఎగరకుండా రెండు వైపులా రెండు డిక్షనరీలు పెట్టారు. ఆ లైబ్రరీలో రోజువారీ వాడకంలో ఉన్న పుస్తకాలు ఆ రెండే. రీడింగ్ హాల్లో మాత్రం కుర్చీ ఖాళీ లేదు. అందరి ముందూ సొంత పుస్తకాలే ఉన్నాయి. పోలీసు ఉద్యోగానికి చదివేవాళ్లు కొందరు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు కొందరు, లక్ష్మీకాంత్ పాలిటీ మీద తల ఆనించి గట్టిగా నిద్రపోయేవాళ్లు కొందరు. వేసవిలో లైబ్రరీ దేనికయ్యా అంటే ఫ్యానుకూ చల్లనీళ్లకూ అని వాళ్లు మొహమాటం లేకుండా చెబుతారు. నాకు నచ్చిన జవాబే.

“వెరిఫికేషన్ నడుస్తుంది సార్. జూన్ల రాండ్రి.”

“జూన్‌లో నాకూ బడి ఉంటుంది మేడం.”

“టీచరా మీరు?” అన్నారు మేడం. ఆ గొంతులో జాలి వినబడింది. “అయితే టిక్కయిన బీరువాల ఏదన్నుంటే తీస్కోండి. టిక్కు కానిది ముట్టకుండ్రి.”

టిక్కులు ఏ వరసలో పడతాయో అక్కడ నాకు అర్థమైంది. మెల్విల్ డ్యూయీ అనే అమెరికా పెద్దమనిషి 1876లో లోకంలో ఉన్న విజ్ఞానాన్నంతా పది వాటాలేసి నంబర్లిచ్చాడు. అందులో సాహిత్యం వాటా 800. ఇంగ్లీషు సాహిత్యానికి 820 అని నిండు నంబరు దక్కింది. తెలుగు సాహిత్యం మాత్రం ఆ పద్ధతిలో 894.827 దగ్గర ఉంటుంది. ఎనిమిది వందల తొంభై నాలుగు మెట్లెక్కి, చుక్క దాటి, ఆ తర్వాత మూడంకెలు వెతికితే గురజాడ కనబడతాడు. సున్నా నుంచి మొదలైన టిక్కు అక్కడికి చేరేసరికి తొలకరి పడి జొన్నలు మొలకెత్తుతాయి. కాబట్టి టిక్కయిన వాటిలో నాకు మిగిలినవి మతం, రాజనీతి, వాణిజ్యం, జంతుశాస్త్రం.

మిగిలిందేదో మిగిలిందని మతం బీరువా తెరిచాను. గీతా వ్యాఖ్యానాల మధ్యన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఉంది. నిజాం కాలంలో ఊళ్లను పీక్కుతిన్న దొరలూ కరణాల కథ అది. ఎవరో అట్ట మీది పేరు చూసి భక్తితో అక్కడ పెట్టారు.

అప్పుడు నాకు ఉత్సాహం వచ్చింది. రాజనీతి శాస్త్రంలో, భారత రాజ్యాంగానికి ఆనుకుని ‘బారిస్టర్ పార్వతీశం’ నిలబడి ఉన్నాడు. మొగల్తూరు నుంచి ఇంగ్లండ్ దాకా పోయినవాడు ఇక్కడ మాత్రం న్యాయశాస్త్రం పక్కనుంచి కదలలేదు. అట్టలు రెండూ ఊడి, దారంతో కట్టి ఉన్నాడు. కామర్స్‌లో బ్యాలెన్స్ షీట్ల పక్కన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ఉంది. భూగోళం, పర్యాటకం ఉన్న అరలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో, విజయానికి మెట్లు కట్టే గురువుల సరసన డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. ఆ నవలలో ఇందిర ఎదురైతే ఆ గురువులంతా మెట్లు దిగి పారిపోతారు.

జువాలజీలో అకశేరుకాల పాఠ్యగ్రంథం పక్కన రావిశాస్త్రి ‘అల్పజీవి’ దొరికింది. నేను చాలాసేపు ఆ బీరువా ముందే నిలబడిపోయాను. ఆ నవలలో సుబ్బయ్య ప్రతివాడికీ భయపడే మనిషి. అతణ్ణి తీసుకుపోయి వెన్నెముక లేని ప్రాణుల మధ్య పెట్టినవాడు నవల చదవకుండా పెట్టి ఉంటే అది కాకతాళీయం. చదివే పెట్టి ఉంటే మాత్రం అంత క్లుప్తమైన సాహిత్య విమర్శ మన భాషలో ఇంకొకటి లేదు.

అన్నీ ఎండాకాలానికి పనికొచ్చేవని అనను. నెత్తి మీద సూర్యుడు, మెడ కింద చెమట, పైగా గోపీచంద్ సీతారామారావు బాధలు కూడా నేనే మోయాలా? ఆయన్ను వానాకాలానికి వాయిదా వేశాను. ‘చివరకు మిగిలేది’ కూడా తల చల్లగా ఉన్నప్పుడు చదవాల్సిందే. పార్వతీశాన్నీ సుబ్బయ్యనూ చంకలో పెట్టుకున్నాను.

పుస్తకం ఎంచుకోవడానికి నాదొక పద్ధతి ఉంది. ముందుమాట చదవను, వెనకట్ట మీది పొగడ్తలు చదవను. చివరి పేజీలో అంటించిన డేట్ స్లిప్పు చూస్తాను. తేదీల ముద్రలతో నిండిపోయి, దాని మీద ఇంకో స్లిప్పు అంటించి ఉంటే ఆ పుస్తకం కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పేజీల అంచున నూనె మరక, మధ్యలో బస్సు టికెట్టు, వీపుకు గోధుమరంగు టేపు, ఇవన్నీ సాహిత్య పురస్కారాలే. తెల్లగా మెరుస్తూ, తెరిస్తే పటపటమని చప్పుడు చేసే పుస్తకం దగ్గరికి మాత్రం పోకండి. అది పీహెచ్‌డీ పట్టా కోసం రాసిందై ఉంటుంది, దాని పేరు చివర ‘ఒక పరిశీలన’ అని ఉంటుంది.

ఈ పద్ధతికి ఎదురుదెబ్బ ఆ రోజే తగిలింది. అర్థశాస్త్రం అరలో ఒక పాఠ్యపుస్తకం నలిగి, ఉబ్బి, పీలికలై కనబడింది. భారత ఆర్థిక వ్యవస్థ మీద ఇంత ప్రేమ ఎవరికని తెరిచాను. మొదటి పేజీలో నీలం పెన్నుతో ‘57 చూడు’ అని ఉంది. 57వ పేజీలో, పంచవర్ష ప్రణాళికల మార్జిన్‌లో ‘ఆగకు, 213’. అక్కడ పచ్చ విప్లవం నెత్తిన వేరే చేతిరాతతో ‘నన్ను గూడ తిప్పిండు. 18కి పో’. 18లో ఒక ఆడపిల్ల పేరు, దాన్ని గట్టిగా కొట్టేసిన గీతలు, కింద ‘340’. 340వ పేజీలో విదేశీ మారక నిల్వల పట్టిక కింద నాలుగు రకాల సిరాలతో నాలుగు తరాల వాళ్లు ఒకే మాట రాశారు: ‘పని లేదా?’ నేను జేబులోంచి పెన్ను తీశాను. మేడం చూస్తున్నారని మళ్లీ పెట్టేశాను.

నా తిరుగుడు చూస్తున్న అటెండరన్న అప్పుడు దగ్గరికొచ్చాడు.

“కథల పుస్తకాలు గావాల్నా సార్? గవి ఈడ దేవులాడితే దొర్కయ్. ఇట్ల రాండ్రి.”

మెట్ల కింద ఒక గది ఉంది. అందులో చీపుర్లు, ఎన్నికలప్పుడు మిగిలిన అట్టపెట్టెలు, ఓ ప్లాస్టిక్ బస్తా ఉన్నాయి. ఎప్పుడో రిటైరైన తెలుగు లెక్చరరు ఎవరో తన ఇంట్లో పుస్తకాలు కాలేజీకి దానమిచ్చి వెళ్లారట. దానం పుస్తకానికి బిల్లుండదు. బిల్లు లేకపోతే ధర తెలియదు. ధర తెలియనిది రిజిస్టరుకెక్కదు, రిజిస్టరుకెక్కనిదానికి నంబరుండదు, నంబరు లేనిదానికి టిక్కు అక్కర్లేదు. అంటే ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ బస్తా లోకంలోనే లేదు. అటెండరన్న దానికి మూతి విప్పి, బల్లమీద పరుస్తూ పోయాడు. యద్దనపూడి, యండమూరి, ముళ్లపూడి ‘బుడుగు’, సామల సదాశివ ‘యాది’, పాకాల యశోదారెడ్డి ‘ఎచ్చమ్మ కథలు’.

“మీరు చదివారా ఇవన్నీ?”

“ఎండకాలం ఈడ ఇంకేం పనున్నది సార్. గీ సదాశివ సార్‌ది మస్తుంటది. పాటలోళ్ల ముచ్చట్లు జెప్తడు.”

ఆయన చెప్పింది నిజమే. ‘స్వరలయలు’కు 2011లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది గానీ, నన్నడిగితే ‘యాది’ మంచం మీద చదివే పుస్తకం. ఆదిలాబాద్ పెద్దాయన ఎదురుగా కూర్చుని ఉర్దూ షాయర్ల గురించి, హిందుస్తానీ గాయకుల గురించి ఒక ముచ్చట్లోంచి ఇంకో ముచ్చట్లోకి జారిపోతుంటాడు. మధ్యలో కునుకు పట్టి లేచినా ఆయన నొచ్చుకోడు, ఎక్కడినుంచైనా అందుకోవచ్చు. ఇంత వీలైన గద్యం రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు.

మెట్ల కింద ఆ బస్తాను చూస్తే వట్టికోట ఆళ్వారుస్వామి గుర్తొచ్చాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలను తానే మోసుకుంటూ నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. అంతకు ముందు హోటల్లో పనిచేశాడు, తర్వాత జైల్లో ఉన్నాడు, ‘ప్రజల మనిషి’ నవల రాశాడు. మాకు పొరుగునున్న జోగిపేటలోనే 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ రోజుల్లో తెలుగు పుస్తకం పట్టుకుని తిరగడమే ఒక ఉద్యమం. అప్పుడు పుస్తకం దొరకాలంటే సర్కారు కన్ను గప్పాలి, ఇప్పుడు రిజిస్టరు కన్ను గప్పితే చాలు. ఆ రకంగా మనం చాలా దూరం వచ్చాం.

పార్వతీశాన్నీ సుబ్బయ్యనూ కార్డు మీద రాయించి, ‘యాది’, ‘ఎచ్చమ్మ కథలు’ అటెండరన్న మాట మీద తీసుకుని బస్సెక్కాం. దారి పొడుగునా మేనకోడలు ఫోన్లో రీల్స్ చూస్తూ, నేను నవ్వినప్పుడల్లా ఏమైందని అడిగింది. పార్వతీశం ఓడ ఎక్కేసరికి ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఆ తర్వాత పుస్తకం నా చేతిలో లేదు.

ఇంట్లో ‘ఎచ్చమ్మ కథలు’ తెరిచింది నేనే గానీ చదివించుకున్నది మా అమ్మ. అమ్మకు చదువు రాదు, వినడం వచ్చు. మా దిక్కు వినేవాళ్లను తక్కువ అంచనా వేయకూడదు. జహీరాబాద్ పక్కన మాచ్నూర్‌లో దళిత మహిళా రైతులు 2008 నుంచి సొంతంగా సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల నుంచి పాటల దాకా చెప్పుకునేదీ వినేదీ వాళ్లే. అమ్మ చింతపండు గింజ తీస్తూ కూర్చుంది, నేను పైకి చదవసాగాను. రెండో పేజీ దాటలేదు, చెయ్యి ఎత్తి ఆపింది.

“ఎవలామె?”

“యశోదారెడ్డి అని, ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసరమ్మా.”

“ప్రొఫెసరా? ఉత్త ముచ్చట. ప్రొఫెసర్లు గిట్ల మాట్లాడ్తరా? ఏ ఊరు?”

“పాలమూరు దిక్కు.”

“గందుకే. మాట మనదే గానీ జర అటో ఇటో ఉన్నది. సదువు.”

మూడో రోజుకు పక్కింటి పెద్దమ్మ వచ్చి కూర్చుంది. ఆమెతోపాటు ఆమె కోడలు, కోడలితోపాటు ఒలవాల్సిన వెల్లుల్లి చాట. నా మధ్యాహ్నం నిద్ర పోయింది. నేను ఆవలిస్తే “గొంతు తగ్గించకు” అంటారు, మంచినీళ్లు తాగితే “మళ్ల ముందటి నుంచి సదువు” అంటారు. ఒకచోట కథ నాకు అర్థం కాక ఆగితే ముగ్గురూ కలిసి నాకు వివరించారు. ‘అల్పజీవి’ మంచం కోడు కింద ఎత్తుకు ఉన్నాడు. ఎవరినీ ఏమీ అనడు కాబట్టి అతనికి అభ్యంతరం లేదు.

పుస్తకం అయిపోయిన రోజు అమ్మ నావైపు అనుమానంగా చూసింది, చివరి పేజీలు నేను దాటేశానేమోనని.

“గింతేనా? ఆమె ఇంకోటి రాయలేదా?”

“రాసిందమ్మా. ‘మా ఊరి ముచ్చట్లు’ అని ఉంది.”

“మరి తేవాలె గద.”

మేనకోడలికి ఫోన్ చేశాను. ఏదో సర్టిఫికెట్ పని మీద కాలేజీలోనే ఉన్నానంది. తెలుగు బీరువా ఇంకా టిక్కు కాలేదు, మెట్ల కింద బస్తాలో చూడమన్నాను. చాలాసేపు చప్పుడు లేదు. ఫోన్లో బీరువా తలుపులు కిర్రుమనడం, అటెండరన్న ఏదో చెప్పడం వినబడ్డాయి.

“బస్తాల లేదు మామా. గానీ దొరికింది.”

“ఎక్కడ?”

“పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి బీరువాల. టిక్కు గూడ పడ్డది.”